పరుపుల భాయి కాటా

మా బాక్సింగ్ మాస్టారు పోయి నలభై రోజులు దాటాక ఒక ఆదివారం పొద్దున్న, అనకాపల్లిలో మా బాక్సింగ్ హాల్లో కమిటీవాళ్లు మీటింగు పెట్టారు. తేల్చాల్సిన విషయం ఒక్కటే. ఆయన ఆడిన ఫైట్లన్నిటిలోకీ గొప్పది ఏది?

ఇలాంటి వాదన టీ కొట్టు దగ్గర జరిగితే ఎవరికీ నష్టం లేదు. ఇద్దరు గొంతు చించుకుంటారు, మూడోవాడు ఇంకో టీ చెబుతాడు, అయిపోతుంది. కానీ ఈ వాదన వెనక వేరే పని ఉంది. హాలుకి కొత్త టైల్స్ వేయిస్తున్నారు. గుమ్మంలో అడుగు పెట్టగానే కుడిచేతివైపు ఒక పాత బల్ల కాటా ఉంటుంది. బస్తాలు తూచేది, మనిషి ఎక్కి నిలబడగలిగేంతది. ముప్ఫై ఏళ్లకు పైగా అది అక్కడే ఉంది. దాన్ని పాత ఇనుముకి ఇచ్చేసి, ఆ చోట అద్దాల బీరువా పెట్టి, అందులో మాస్టారి గొప్ప ఫైటు తాలూకు గుర్తు పెడతారట. ఏ ఫైటో తేలితే ఏ గుర్తో తేలుతుంది. కాటా పోవడం మాత్రం అప్పటికే తేలిపోయింది. నన్నెవరూ అడగలేదు.

మీటింగుకి మాత్రం పిలిచారు. ఆడపిల్లల తరఫున ఒకరుండాలి కదా అని పిలుస్తున్నామని సెక్రటరీగారు ఫోన్లో దాచుకోకుండా చెప్పారు. ఆ హాల్లో నేర్చుకున్న మొదటి ఆడపిల్లని నేను. ఇప్పుడు హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. మాస్టారికి మోకాళ్లు అరిగిపోయాక, మూడేళ్లుగా పొద్దున్న అయిదింటికి హాలు తలుపు తీసేదీ నేనే, పిల్లలకి నేర్పేదీ నేనే. తాళంచెవి ఉన్న మనిషిని పట్టుకుని 'ఆడపిల్లల తరఫున' అనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. సరే, వెళ్లాను.

ఊళ్లో ఆయన్ని పరుపుల భాయి అనేవారు. మెయిన్ రోడ్డు మీంచి మార్కెట్టుకి తిరిగే సందులో పరుపుల కొట్టు ఉండేది. తాతల నాటి పని. పగలంతా దూది ఏకడం, పరుపులు కుట్టడం. కనుబొమ్మల మీదా చెవుల మీదా ఎప్పుడూ దూది పీచు అంటుకుని ఉండేది. అందుకే ఆయన కనుబొమ్మలు నిజంగా ఎప్పుడు నెరిశాయో మాలో ఎవరం గమనించలేదు. చెవి వెనక దారం, చొక్కా జేబులో దబ్బనం. బ్యాగు చిరిగినా, గ్లవ్ పిగిలినా ఆ దబ్బనంతోనే కుట్టేసేవారు. మేము గుద్దే బ్యాగుల్లో ఉన్నది ఈ ఊరివాళ్లు పడుకుని పడుకుని పారేసిన పరుపుల దూదే. "గట్టిగా గుద్దండి, అది మీ షావుకార్లు పడుకున్న దూది" అనేవారు. గట్టిగానే గుద్దేవాళ్లం.

ఎవరినీ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. బరువు పెట్టి పిలిచేవారు. "ఓ యాభైనాలుగు, కాళ్లు కదుపు." "అరవైనాలుగుకి సెప్పండి, ఆడి గ్లవ్సు తడిసిపోనాయి." నేను నలభై ఎనిమిదిని. పెళ్లయి, ఇద్దరు పిల్లలు పుట్టి, కాటా నాతో వేరే సంగతి చెప్పడం మొదలుపెట్టాక కూడా ఆయనకి నేను నలభై ఎనిమిదినే. ఇప్పుడు ఎంతో చెప్పను, అడక్కండి.

పిలవడమే కాదు, మనిషిని చూసి బరువు చెప్పేవారు. బస్సు దిగేవాళ్లని, పెళ్లి ఊరేగింపులో పెళ్లికొడుకుని, ఓట్లు అడగడానికి వచ్చిన నాయకుణ్ణి. "డెబ్బై ఎనిమిది. దండలు తీసేస్తే డెబ్బై ఆరు." పందెం కట్టి కాటా ఎక్కించినవాళ్లే ప్రతిసారీ నోరు మూసుకునేవారు. ఇది ఎలా వచ్చిందని అడిగితే, "ఓసారి కాటాని నమ్మేను. తర్వాత కళ్లనే నమ్ముకున్నాను" అని ఊరుకునేవారు. ఆ 'ఓసారి' ఏమిటో ఎవరూ చెప్పేవారు కాదు.

కాటా దగ్గర ఆయనకో నియమం ఉంది. పొద్దున్న తలుపు తీయగానే, ఇరవై కేజీల ఇనప గుండు ఒకటి మూలనుంచి మోసుకొచ్చి కాటా మీద పెట్టేవారు. ముల్లు ఇరవై దగ్గర నిలబడితేనే మమ్మల్ని ఎక్కనిచ్చేవారు. "ముందు కాటాని తూయాల. తర్వాత మనిషిని తూయాల." ఏ ప్రార్థనకీ లేనంత శ్రద్ధ ఆ గుండు దగ్గర ఉండేది. ఆ తర్వాత కాటా అందరిదీ. మునగపాక నుంచి బెల్లం తెచ్చే రైతు మార్కెట్టుకి వెళ్లే ముందు తన బస్తా ఇక్కడ ఓసారి తూచుకునేవాడు. రేవు నుంచి ఆటోల్లో వచ్చే చేపల ఆడవాళ్లు గంపలు దించి తూచుకునేవారు. ఒకావిడ నెలల బిడ్డని తెచ్చి తూచుకుని వెళ్లేది. ఎవరి దగ్గరా పైసా తీసుకునేవారు కాదు. రింగులో ఇద్దరు కొట్టుకుంటూ ఉంటారు, గుమ్మంలో చేపల నీళ్లు కారుతూ ఉంటాయి. మా హాలంటే ఇది. కొత్తగా వచ్చిన పిల్లలు ముక్కు మూసుకుంటే, "రింగులో ముక్కు పగిలితే ఇంకా బాగుంటాది వాసన" అనేవారు.

మా అమ్మ కూడా ఆ గంపల వాళ్లలో ఒకావిడ. పూడిమడక రేవులో గంప కొనుక్కుని, వచ్చి ఇక్కడ తూచుకుని, మార్కెట్లో కూర్చునేది. అక్షరం ముక్క రాదు, బాక్సింగ్ అంటే ఏమిటో అసలే తెలియదు. నాకు పదిహేనేళ్లప్పుడు ఓ రోజు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కాటా మీద గంప పక్కన నిలబెట్టి, "బాబూ, ఈ గుంటకి కూడా నేర్పు" అంది. హాల్లో మగపిల్లలంతా ఆగిపోయారు. మాస్టారు నన్ను కింద నుంచి పైకి చూసి, "గంప తీసేస్తే నలభై ఎనిమిది" అన్నారు. అంతే, చేరిపోయాను. మా పేటలో దీనిమీద ఏడాది పాటు మాటలు పడ్డాం. మా అమ్మ వినలేదు. ఎందుకు పంపావే అని అడిగితే "ఆడు మంచోడే" అనేది. ఊళ్లో మంచివాళ్లు చాలామంది ఉన్నారు, అందరి దగ్గరికీ నన్ను పంపలేదు కదా.

నా మొదటి పెద్ద ఫైటు రాజమండ్రిలో. మొదటి రౌండులోనే అవతలి పిల్ల దవడ మీద కొడితే కింద పడ్డాను. పడగానే గంతేసి లేచాను, రిఫరీ రెండు లెక్కపెట్టేలోపే. లేచి ఏం లాభం? రిఫరీ ఎలాగూ ఎనిమిది దాకా లెక్కపెట్టాల్సిందే. నిలబడే ఆ ఎనిమిదీ విన్నాను. రౌండు అయ్యాక మాస్టారు నోట్లో నీళ్లు పోస్తూ అడిగారు.

"ఎవరికోసం లెగిసేవు?"

"అందరూ చూస్తున్నారు కదా మాస్టారూ."

"పరువు రెండుకే లెగుస్తాది. ఒళ్లు ఎనిమిదికి లెగుస్తాది. ఆ ఎనిమిదీ నీవే. మోకాలి మీద కూకుని వాడుకో."

రెండో రౌండులో మళ్లీ పడ్డాను. ఈసారి మోకాలి మీద కూర్చున్నాను. జనం నవ్వుతున్నారు, అవతలి మూల నుంచి ఈలలు. ఆరు, ఏడు విన్నాను. ఎనిమిదికి లేచాను. చివరిదాకా నిలబడ్డాను కానీ ఓడిపోయాను. బయటికి రాగానే రిఫరీ ఆ పిల్ల ఊరివాడని, గ్లవ్స్ తడిగా ఉన్నాయని, పొద్దున్న ఇడ్లీ అరగలేదని ఏకరువు పెట్టాను. మాస్టారు అంతా విని, "కాటా తప్పా?" అని అడిగారు.

అది ఆయన ఊతపదం. ఓడినవాడు సాకు చెబితే చాలు, "కాటా తప్పా?" అనేవారు. కాటా తప్పు కానప్పుడు ఇంకే తప్పూ సాకు కాదని దానర్థం అని మేమే అనుకునేవాళ్లం.

తిరిగొచ్చే రైల్లో ఉక్రోషం చల్లారాక నేనడిగాను. "మాస్టారూ, మీ అన్ని ఫైట్లలో గొప్పది ఏది?"

"నువ్వేది సూసేవు?"

"నేనేదీ చూడలేదు. అప్పటికి నేను పుట్టనే లేదు."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "అయితే మీయమ్మని అడుగు. ఆవిడ సూసింది" అన్నారు.

మా అమ్మ బాక్సింగ్ చూడడమేమిటని నవ్వాను. ఇంటికొచ్చి అడిగాను. అప్పుడు చెప్పింది. ఇంతకాలం చెప్పలేదేమే అంటే, "నువ్వడగలేదు" అంది.

అప్పటికి అమ్మకి పెళ్లి కాలేదు. మా అమ్మమ్మ వెనకాల గంప మోసుకుని వచ్చేది. మాస్టారికి పాతికేళ్లు. కటక్‌లో గోల్డ్ కొట్టుకొచ్చి ఉన్నారు, ఊరంతా ఆయన పేరే. కుర్రాళ్లు ఓ అయిదారుగురు ఆయనతో పాటు ఆడేవారు. వాళ్లకి బూట్లు, గ్లవ్సు, రైలు టికెట్లు, ఆడుకోవడానికి ఖాళీ గోదాము, అన్నీ ఇచ్చింది బెల్లం మార్కెట్లో ఒక షావుకారు. దయగల మనిషే. మనిషి ఎక్కి తూచుకునే కాటా కూడా ఆ షావుకారు కొట్లోనే ఉండేది. కుర్రాళ్లంతా పొద్దున్నే మార్కెట్టు తెరవకముందు వెళ్లి దానిమీదే బరువు చూసుకునేవారు. బాక్సింగులో బరువు ఎంత ముఖ్యమో ఆడినవాళ్లకి తెలుసు. అరవై కేజీల వాడు అరవైలోనే ఆడాలి. పావు కేజీ ఎక్కువైతే బల్ల దిగి ఇంటికి పోవాలి, లేకపోతే పై బరువు వాళ్లతో దెబ్బలు తినాలి.

ఖరగ్‌పూర్ పోటీలకి మాస్టారు పదిహేను రోజులు కడుపు మాడ్చుకున్నారు. షావుకారు కాటా మీద అరవైకి సరిగ్గా ముల్లు నిలబడింది. అక్కడికి వెళ్లి వాళ్ల కాటా ఎక్కితే అరవై రెండు. దిగి మళ్లీ ఎక్కితే మళ్లీ అరవై రెండు. వెళ్లిపోతావా, పై బరువులో ఆడతావా అన్నారు. ఆడారు. రెండో రౌండులో పడి, పరువు కొద్దీ రెండుకే లేచి, మళ్లీ పడ్డారు. బరువు రాసిన చీటీ ఒకటి, వాచిపోయిన కన్ను ఒకటి పట్టుకుని ఊరికొచ్చారు.

అది బెల్లం సీజను. మార్కెట్టు నిండా బళ్లు. రైలు దిగి ఇంటికైనా పోకుండా సంచీతో తిన్నగా మార్కెట్టుకి వచ్చారట. "సూస్తే ఒక కన్ను లేదు" అంది మా అమ్మ. "మూసుకుపోయింది. ఆ కన్నుతోటే ఎల్లి కాటా ఎక్కేడు. గుమస్తాని తూయమన్నాడు."

గుమస్తా తూచి అరవై అన్నాడు. మాస్టారు జేబులోంచి చీటీ తీసి పైకెత్తి, "ఇక్కడ అరవై రెండు" అన్నారు.

మార్కెట్లో తరుగు తీయడం అందరికీ తెలిసిన సంగతే. బెల్లంలో తడి ఉంటుంది కాబట్టి తూచిన దానిలోంచి ఇంత అని నోటితో చెప్పి తగ్గిస్తారు, రైతు ఒప్పుకుంటాడు. కానీ ఇక్కడ నోటితో చెప్పే తరుగు కాక, కాటాలోనే ఇంకో రెండు కేజీల తరుగు ముందే కూర్చుని ఉంది. కటక్ వెళ్లిన నాటికైతే లేదు, ఆ తర్వాత ఎన్నాళ్లుగా కూర్చుందో దేవుడికెరుక. ఆ సంగతి బాక్సింగ్ కుర్రాళ్లకి చెప్పాలని షావుకారుకి తట్టలేదు. పాపం, వాళ్ల బరువు కూడా ఎక్కడో నిజంగా తూస్తారని ఆయన అనుకోలేదు.

షావుకారు నవ్వాడట. "దెబ్బలు తిని, రెండ్రోజులు రైల్లో కూడు లేక సిక్కిపోనావురా బాబూ." చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. మాస్టారు దిగి, "అయితే స్టేషనుకి పదండి. పార్సిలు కాటా ఉంది" అన్నారు. ఎవరూ కదల్లేదు. షావుకారుతో రోజూ పని ఉన్నవాళ్లు కదా. కాసేపటికి ఒక మునగపాక రైతు, అప్పుడే పధ్నాలుగు కేజీలని తూచిన తన బెల్లం దిమ్మ భుజానికెత్తుకుని, "పద భాయీ" అన్నాడు. ఆ వెనక ఇంకొకడు. మార్కెట్టు నుంచి స్టేషను దాకా ముందు ఒంటికన్ను బాక్సరు, వెనక దిమ్మల రైతులు, వాళ్ల వెనక గంపలతో చేపల ఆడవాళ్లు. మా అమ్మమ్మ చేపలు ఎండిపోతున్నాయని తిడుతూనే వెళ్లిందట.

స్టేషను కాటా మీద మాస్టారు అరవై రెండు. దిమ్మ పదహారు.

"అంతే," అంది అమ్మ. "బరువు రాసిన సీటీ మడిసి జేబులో ఎట్టుకున్నాడు. నాను మరి ఆ మనిసిని మర్సిపోలేదు. నీకు నేర్పించాలనుకున్నప్పుడు ఇంకెవరి కాడికి పంపుతాను?"

మర్నాటికి షావుకారు కాటా బాగుపడింది. కేసులూ గొడవలూ ఏమీ లేవు. మాస్టారికి మాత్రం బూట్లు పోయాయి, గ్లవ్సు పోయాయి, గోదాముకి తాళం పడింది. ఆ తర్వాత ఆయన ఒక్క పోటీకి కూడా వెళ్లలేదు. పరుపులు కుట్టుకుంటూ ఇరవై ఏళ్లు గడిపి, మున్సిపాలిటీ వాళ్లు పాత షెడ్డు ఒకటి ఇస్తే దాన్ని హాలుగా మార్చి, మొదట కొన్నది ఈ కాటా. మూతపడిన రైసు మిల్లులోది. రింగు తాళ్లు ఆ తర్వాత ఏడాదికి గానీ రాలేదు. నిజంగా కాటా తప్పయి ఓడిపోయిన మనిషి, ఆ సాకు ఎన్నడూ వాడుకోని మనిషి, మమ్మల్ని "కాటా తప్పా?" అని అడిగేవాడని ఆ రోజు నాకు తెలిసింది.

ఇక ఆదివారం మీటింగు. టైల్స్ వేయిస్తున్న దాత మధ్య కుర్చీలో కూర్చున్నాడు. ఆ షావుకారు మనవడే. సిమెంటు వ్యాపారం, మర్యాదగల మనిషి, అందరికీ తానే లేచి టీ అందించాడు. పక్కన సెక్రటరీగారు. డెబ్బై దాటినా వెన్ను నిటారుగా ఉంటుంది. మాస్టారితో పాటు ఆ గోదాములో ఆడిన కుర్రాళ్లలో ఆయనొకరు. ఆయనకి ఎదురుగా ఇంకో పాత బాక్సరు, మేమంతా మామ అని పిలిచే ఆయన.

"కటక్ గోల్డే," అన్నారు సెక్రటరీగారు. "మిలటరీవాణ్ణి మూడు రౌండ్లూ తిప్పి తిప్పి కొట్టేడు. నాను కార్నర్లో ఉన్నాను. నాతో తనే సెప్పేడు, బావా, నా జన్మలో ఇదే గొప్పదని."

"నాతోటి అలాగనలేదే," అన్నాడు మామ. "విజయనగరం ఫైటు గొప్పదన్నాడు. బొటనేలు ఇరిగిపోయి ఒంటి సేత్తో గెలిసేడు. నువ్వు దానికి రాలేదు కదా బావా, నీకెలా తెలుత్తాది?"

"నీకు బొటనేలే కనిపించింది. నాకు మెడల్ కనిపించింది."

అరగంట ఇలాగే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. 'నువ్వేది సూసేవు' అని అడిగి, 'అయితే అదే' అని అందరితోనూ అనేవారు మాస్టారు. ఎవరు చూసినది వాళ్లకి ఇచ్చేశారు. నాకు నవ్వొచ్చింది, కళ్లు కూడా మండాయి.

దాత నా వైపు తిరిగి, "మేడమ్, మీరేమంటారు?" అన్నాడు.

"ఖరగ్‌పూర్," అన్నాను. "అక్కడ మొదలై మన స్టేషన్లో అయిపోయింది. దానికి గుర్తు గుమ్మంలోనే ఉంది. దాన్ని కదపకండి."

సెక్రటరీగారు నేల చూశారు. దాత టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు. "మా తాతగారి సంగతి నేనూ విన్నానండి. ఆయన పోయి ముప్ఫై ఏళ్లయింది. ఎంత, రెండు కేజీలే కదా."

"నా బరువుకీ పై బరువుకీ మధ్య ఉండేది మూడు కేజీలే సార్. ఆ మూడు కేజీల కోసం మేం నీళ్లు మానేస్తాం."

అప్పుడు సెక్రటరీగారు లేచారు. "నువ్వు సూడలేదమ్మా. ఆడు కాటా ఎక్కిన్రోజున ఆడి ఒక్కడి బాక్సింగే పోలేదు. మా అయిదుగురిదీ పోయింది. నాకు ఆ నెల్లో సెలక్షనుంది. బూట్లు లేక ఎల్లలేదు. ఆ కాటాని సూసినప్పుడల్లా నాకు నా బూట్లే గుర్తొత్తాయి. తీసేద్దారంటే తప్పా?"

ఆయన మాటలో అబద్ధం లేదు. అంత పోగొట్టుకుని కూడా మాస్టారి పక్కన చివరిదాకా ఉన్న మనిషి ఆయన, జనాజా మోసిన మనిషి. చేతులెత్తమన్నారు. కటక్ మెడల్‌కి తొమ్మిది, విరిగిన బొటనవేలికి ఒకటి, కాటాకి ఒకటి. ఆ ఒకటీ నాదే. సోమవారం పొద్దున్నే ఇనుము వాళ్లు వస్తారన్నారు.

గంతేసి లేవాలనిపించింది. కుర్చీ తన్నేసి, తాళంచెవి వాళ్ల మొహాన కొట్టి వెళ్లిపోవాలనిపించింది. అందరూ చూస్తున్నారు కూడా. అక్కడే కూర్చున్నాను. లోపల ఒకటి, రెండు అని లెక్కపెట్టుకున్నాను. ఎనిమిది అయ్యాక లేచి, "తాళంచెవి నా దగ్గరే ఉంది. అయిదింటికి ఎప్పటిలాగే తెరుస్తాను" అని చెప్పి వచ్చేశాను. ఆ సాయంత్రం మా అమ్మకి సంగతి చెప్పాను. చేపల పేటలో ఎవరెవరి ఇళ్లకో వెళ్లొచ్చింది.

సోమవారం తలుపు తీసి, మూలనున్న గుండు మోసుకొచ్చి కాటా మీద పెట్టాను. ఇరవై. ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. గుండు దించి నేనెక్కి నిలబడ్డాను. పిల్లలు తాళ్లాట మొదలుపెట్టారు. ఆరు దాటాక సెక్రటరీగారు వచ్చారు, వెనక ట్రాలీ ఆటోతో ఇద్దరు ఇనుము మనుషులు.

"దిగమ్మా," అన్నారాయన.

"దిగను."

"సేతులెత్తేం కదా. ఓడిపోనావు కదా."

"ఓడిపోయాను. రిఫరీ తప్పనీ, కాటా తప్పనీ అనడం లేదు. దిగను, అంతే."

ఆయనకి కోపం వచ్చింది, నాకూ వచ్చింది. ఇనుము మనుషులు ఇద్దరి మొహాలూ చూసి బీడీ ముట్టించుకున్నారు. ఇంతలో వీధిలో ఆటోలు ఆగిన చప్పుడు. మొదట మా అమ్మ, గంప నెత్తిమీద పెట్టుకుని. వెనక ఇంకో పన్నెండు పదమూడు గంపలు. ఆ వెనక, అమ్మ ఎలా కబురు పెట్టిందో, బుచ్చయ్యపేట వైపు నుంచి బెల్లం బస్తాలతో నలుగురు రైతులు సైకిళ్ల మీద. అమ్మ లోపలికి వచ్చి నన్ను ఎగాదిగా చూసింది.

"ఏటలా బొమ్మనాగ నిలబడిపోనావు? దిగు. నీ బరువు నాకు తెలుసు. సేప తూసుకోవాల."

అంతసేపూ ఎవరు చెప్పినా దిగని నేను దిగాను. అమ్మ సెక్రటరీగారి వైపు తిరిగింది. "బాబూ, ఓ సెయ్యెయ్యి. గంప దించాల."

ఆ కాటాకీ ఆయనకీ మధ్య యాభై ఏళ్ల నాటి బూట్లున్నాయి. కానీ ఎదురుగా ముసలావిడ నెత్తిమీద బరువు ఉంది. చెయ్యి వేసి గంప దించారు. కాటా మీద పెట్టారు. ముల్లు ఊగి ఊగి ఆగింది.

"సదువు," అంది అమ్మ. "నాకు సదువు రాదు కదా."

సెక్రటరీగారు కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. "ఇరవై మూడున్నర," అన్నారు.

"రేవులో ఇరవై అయిదన్నాడు సచ్చినోడు," అంది అమ్మ, గంప ఎత్తించుకుంటూ. "తర్వాతోళ్లు రండి."

వరస కదిలింది. గంప తర్వాత గంప, బస్తా తర్వాత బస్తా, సెక్రటరీగారు కాటా పక్కనే నిలబడి అంకెలు చదువుతూనే ఉన్నారు. పదింటికి ఇనుము మనుషులు వేరే బేరం ఉందని వెళ్లిపోయారు. అద్దాల బీరువా మధ్యాహ్నం వచ్చింది. మెడల్ అందులో పెట్టి లోపలి గోడ వారగా నిలబెట్టాం, బాగుంది.

రేపు కమిటీవాళ్లంతా కలిసి మళ్లీ వస్తారట. రానివ్వండి. అయిదింటికి తలుపు తీస్తాను, ముందు గుండు పెడతాను.